పది మీటర్ల దూరం, అర మిల్లీమీటరు చుక్క: పెల్లెట్ల పరీక్ష డైరీ

జూన్ 1, ఆదివారం, ఒంగోలు

ఈ పని మా అక్క కూతురి ప్రశ్నతో మొదలైంది. ఇంటర్ చదువుతూ రెండేళ్ళుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండును కాల్చే తుపాకీ అది. నిన్న సాయంత్రం కాల్చిన కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తొమ్మిది రంధ్రాలు నడుమ గుంపుగా ఉన్నాయి, ఒకటి మాత్రం పక్కకు పోయి 8.6 పాయింట్లే పడింది. "నేను సరిగ్గానే వదిలాను మామయ్యా. తప్పు నాదా, పెల్లెట్‌దా? ఎలా తెలుస్తుంది?"

ఇరవై ఏళ్ళుగా ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేస్తున్నాను. తప్పు బోర్డుదా, బ్యాటరీదా అని విడదీసి చూడటమే నా పని. తుపాకీ విషయంలోనూ అదే దారి. మనిషిని పక్కన పెట్టి, రైఫిల్‌ను కదలకుండా బిగించి, పెల్లెట్లను మాత్రమే పరీక్షించాలి.

ఈ ఆట కొలతలు తెలియనివారికి ఒక మాట. కార్డు మీద పది పాయింట్ల చోటు 0.5 మి.మీ. చుక్క. పెల్లెట్ 4.5 మి.మీ. లావు, అంటే గురి కన్నా గుండే తొమ్మిది రెట్లు పెద్దది. చుక్క నుంచి బయటికి 2.5 మి.మీ. జరిగితే ఒక పాయింటు పోతుంది, 0.25 మి.మీ. జరిగితే పదో వంతు. నట్టనడుమ పడితే 10.9. పోటీలో 60 గుళ్ళు, మొత్తం 654కి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకానికీ, చైనా షూటర్ వెండి పతకానికీ మధ్య తేడా 0.8 పాయింటు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే ఒకే ఒక్క గుండు 2 మి.మీ. పక్కకు పోవడం. అందుకే అమ్మాయి ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

పరీక్ష పెట్టాల్సిన డబ్బాలు నాలుగు. కంపెనీల పేర్లు రాయను. ఒక రైఫిల్‌కు కుదిరింది ఇంకోదానికి కుదరదు, చదివినవారు పేరు చూసి కొనేస్తారు. రంగులతోనే పిలుస్తాను. పచ్చ డబ్బా చవకరకం, సాధన కోసం. తెల్లది పోటీ రకం, తల కొలత 4.50 మి.మీ. నీలం కూడా పోటీ రకమే, తల 4.49. ఎర్రది అన్నిటికన్నా ఖరీదు, తల 4.50. నాలుగూ చదును తల పెల్లెట్లే. ఆ తల కార్డును పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది, రంధ్రం శుభ్రంగా వస్తుంది.

జూన్ 8, ఆదివారం, టంగుటూరు

మా బావగారి పొగాకు గ్రేడింగ్ షెడ్డు ఖాళీగా ఉంది. పొగాకు మాని సుబాబుల్ వేసి రెండేళ్ళయినా తలుపు తీయగానే ఆ ఘాటు ఇంకా ముక్కుకు తగులుతుంది. పొడవు చాలు, గాలి దూరదు. ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

చీమకుర్తి క్వారీ నుంచి వచ్చిన గెలాక్సీ గ్రానైట్ తునక ఒకటి బావగారి పెరట్లో బట్టలు ఉతకడానికి పడి ఉంది. నల్లరాయి మీద బంగారు చుక్కలు. నలుగురం మోసి లోపల ఇటుక దిమ్మ మీద పెట్టాం. దానికి బెంచ్ వైస్ బిగించి, వైస్ దవడలకు వేపచెక్క ముక్కలు, వాటి మీద సైకిలు ట్యూబు పట్టీలు కట్టాం. రైఫిల్‌ను గొట్టం దగ్గర పట్టకూడదు. కాల్చినప్పుడు గొట్టం అదిరే తీరు మారిపోతుంది. గొట్టం మొదలయ్యే లోహపు దిమ్మ దగ్గరే బిగించాం.

అవతలి గోడకు ఇనప రేకు, దాని వెనక ఇసుక బస్తాలు. కాల్చేటప్పుడు తలుపుకు లోపలి గడియ, అందరికీ కళ్ళద్దాలు. పిట్టల తుపాకీ అని ఊళ్ళో తేలిగ్గా అంటారు గానీ కంటికి తగిలితే కన్ను పోతుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి, ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగనిదే మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టనివ్వలేదు.

మొదటి చిక్కు రైలు. మద్రాసు లైను మీద గూడ్సు పోతుంటే రాయి అదురుతుందో లేదో తెలియలేదు. గ్లాసు నిండా నీళ్ళు పోసి రాయి మీద పెట్టాను. బండి రాక ముందే నీటి మీద సన్నటి వలయాలు లేచాయి. గ్లాసు అక్కడే ఉంచేశాం. నీరు నిలకడగా ఉంటేనే కాల్చాలని నియమం.

జూన్ 11, బుధవారం, దుకాణంలో రాత్రి

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొనవచ్చు. ఆ ఖర్చుకు ఎన్నో డబ్బాల పెల్లెట్లు వస్తాయి, పైగా నాకు చేతనైన పని. మూడంగుళాల పీవీసీ పైపు తీసుకుని, 30 సెంటీమీటర్ల ఎడంతో రెండు చోట్ల ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా దాన్ని చూసే ఫోటో ట్రాన్సిస్టర్ పెట్టాను. పెల్లెట్ మొదటి కిరణాన్ని అడ్డగించగానే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు సమయం లెక్క మొదలుపెడుతుంది, రెండోదాన్ని అడ్డగించగానే ఆపుతుంది.

ఆ బోర్డు గడియారం 4 మైక్రోసెకన్ల చొప్పున అడుగులు వేస్తుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 30 సెంటీమీటర్లు దాటడానికి 1,765 మైక్రోసెకన్లు. ఒక్క అడుగు తప్పినా వేగంలో 0.4 మీటరు తేడా. మంచి పెల్లెట్ల మధ్య తేడాయే ఒక మీటరు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు పనికిరాదు. పైపును పొడుగ్గా కోసి ఎడం 60 సెంటీమీటర్లు చేశాను. పొరపాటు సగమైంది.

జూన్ 15, ఆదివారం, టంగుటూరు

పొద్దున్నంతా వృథా. మొదటి గుండు 340 అని చూపించింది, రెండోది 85, మూడోదానికి ఏ అంకే లేదు. టంకాలు విప్పి మళ్ళీ వేశాను. వైర్లు మార్చాను. పదకొండు గంటలకు అమ్మాయి, "మామయ్యా, పైపు మీద ఎండ పడుతోంది" అంది. పైకప్పు రేకులో మేకు ఊడిన చిల్లు ఉంది. అందులోంచి దిగిన ఎండ సరిగ్గా రెండో కన్ను మీద పడుతోంది. ఎండ నిండా ఇన్‌ఫ్రారెడ్ వెలుగే కదా, ఫోటో ట్రాన్సిస్టర్ దానితోనే నిండిపోయి నా ఎల్‌ఈడీ వెలుగు వచ్చినా పోయినా గుర్తించలేకపోతోంది. చిల్లుకు గోనెపట్టా కప్పి, రెండు కన్నులకూ నల్ల టేపు వేసి ఒక మిల్లీమీటరు చీలిక మాత్రం వదిలాను. అప్పటి నుంచి అంకెలు నిలకడగా వచ్చాయి.

మధ్యాహ్నం ఇంకో నష్టం. పైపు కింది చెక్క కొద్దిగా జారింది. నేను చూసుకోలేదు. నాలుగో గుండు ముందరి ఎల్‌ఈడీని పగలగొట్టుకుని పోయింది. పైపును కూడా రాయికే బోల్టుతో బిగించి ఉండాల్సింది. ఇప్పుడు బిగించాను.

జూన్ 18, బుధవారం

ఒక పనిముట్టు చెప్పిన అంకెను ఇంకో దారిలో సరిచూడనిదే నమ్మను. మల్టీమీటరు విషయంలోనూ నాకదే అలవాటు. ఈ సాయంత్రం శబ్దంతో కొలిచాం.

గొట్టం కొస నుంచి ఇనప రేకు దాకా టేపుతో కచ్చితంగా 10 మీటర్లు పెట్టాం. మైకును సరిగ్గా నడుమ, 5 మీటర్ల దగ్గర ఉంచాం. తుపాకీ చప్పుడు మైకును చేరడానికి ఎంత సమయం పడుతుందో, రేకుకు తగిలిన టప్పుమనే చప్పుడు చేరడానికీ అంతే పడుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. రికార్డులో రెండు చప్పుళ్ళ మధ్య మిగిలేది పెల్లెట్ ప్రయాణ సమయం ఒక్కటే. ధ్వని వేగం తెలియక్కర్లేదు, ఎండకు అది ఎంత పెరిగిందో చూసుకోనక్కర్లేదు. ఈ ఒక్క అమరిక చూసి అమ్మాయి కళ్ళు మెరిశాయి, నాకూ ఎంతో సంతోషమేసింది.

ఫోను మైకు నేరుగా పనికి రాలేదు. చప్పుడును అదే తగ్గించేస్తోంది. పాటల పోటీల కోసం కొన్న కాలరు మైకు తగిలించాం. రేకుల షెడ్డులో ప్రతిధ్వని ఎక్కువ కాబట్టి దండేనికి గోనెసంచులు వేలాడదీశాం. కంప్యూటర్‌లో తరంగాన్ని సాగదీసి చూస్తే మొదటి చప్పుడు నిట్టనిలువుగా లేచే చోటూ, రెండోది లేచే చోటూ స్పష్టంగా కనిపించాయి. మధ్యలో 2,672 నమూనాలు, అంటే కంప్యూటర్ శబ్దాన్ని అన్నిసార్లు కొలిచింది. సెకనుకు 44,100 నమూనాలు కాబట్టి 60.6 మిల్లీసెకన్లు, అంటే సగటున సెకనుకు 165 మీటర్లు.

అదే గుండుకు పైపు చూపిన వేగం 172. మొదట గాభరా పడ్డాను. తర్వాత లెక్క అర్థమైంది. పైపు గొట్టం దగ్గరి వేగాన్ని చెబుతుంది, శబ్దం మొత్తం దారి సగటును చెబుతుంది. చదును తల పెల్లెట్ గాలిని చీల్చుకుపోయే రకం కాదు, పది మీటర్లలోనే వేగం బాగా పడిపోతుంది. 172తో బయలుదేరి 158 దగ్గర కార్డును చేరితే సగటు 165 అవుతుంది. రెండు పనిముట్లూ ఒకే మాట చెబుతున్నట్టే.

వేగం తెలిసింది కాబట్టి శక్తి కూడా లెక్కగట్టాం. 0.53 గ్రాముల గుండు, 172 మీటర్ల వేగం, 7.8 జౌళ్ళు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం 0.177 అంగుళం (4.5 మి.మీ.) దాటని, 20 జౌళ్ళకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. బావగారికి ఈ అంకె చూపించాక మనసు కుదుటపడింది. తూటా రైఫిళ్ళకు ఇవేవీ వర్తించవు. లైసెన్సు ఉండాలి, కాల్చడం అనుమతి ఉన్న రేంజ్‌లోనే జరగాలి. 50 మీటర్ల .22 తూటాలను పరీక్షించే పద్ధతి మాత్రం ఇదే.

జూన్ 20, శుక్రవారం, ఒంగోలు

బరువులు. నాకు తెలిసిన బంగారు దుకాణంలో మిల్లీగ్రాము దాకా చూపే కాటా ఉంది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెళ్ళాం. కాటా చుట్టూ అద్దాల పెట్టె. తలుపు మూయకపోతే ఫ్యాను గాలికే అంకె ఊగుతుంది. పట్టకారుతో ఒక్కో పెల్లెట్ పెట్టడం, తలుపు మూయడం, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టడం. ఒక్కో డబ్బా నుంచి 50 చొప్పున 200 తూచాం. దుకాణం పెద్దాయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివర్లో ఒక పెల్లెట్‌ను భూతద్దం కింద తిప్పి చూసి, "దీని పావడా నొక్కుకుపోయిందమ్మా" అన్నారు.

పెల్లెట్ నడుము సన్నగా ఉండి, వెనక భాగం పావడాలా విచ్చుకుని ఉంటుంది. కాల్చగానే గాలి ఆ పల్చటి అంచును గొట్టం గోడలకు ఒత్తుతుంది, గొట్టంలోని మెలికలు దాన్ని పట్టి తిప్పుతాయి. ఆ అంచు ఒకవైపు నొక్కుకుపోతే పెల్లెట్ తిన్నగా తిరగదు. మేం బరువుల మీదే దృష్టి పెట్టాం, ఆకారం చూడాలని ఆయనకే తోచింది. నగ సొట్టను వెతికే కన్ను కదా.

బరువుల్లో నీలం 0.528 నుంచి 0.536 గ్రాముల మధ్య ఉంది. ఎర్రది ఇంకా దగ్గర, తెల్లది ఇంచుమించు నీలం లాగే. పచ్చ మాత్రం 0.497 నుంచి 0.548 దాకా చెదిరిపోయింది.

జూన్ 22, ఆదివారం, టంగుటూరు

ఒక్కో రకానికి ఐదేసి గుళ్ళు కాల్చాం. తెల్లది 1.4 మి.మీ. గుంపు వేసింది, నీలం 2.9. అందరం తెల్లదే గెలిచిందనుకున్నాం. బావగారు అప్పుడే ఫోనులో నాలుగు డబ్బాలకు ఆర్డరు ఇవ్వబోయారు, నేనే ఆపాను. సాయంత్రం మళ్ళీ ఐదు కాల్చితే తెల్లది 3.1.

ఐదు గుళ్ళతో ఏదీ తేలదు. అదృష్టం ఒకపూట ఒక డబ్బాది. అన్నిటికన్నా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచే పద్ధతిలో ఇంకో లోపం ఉంది. మిగతా గుళ్ళు ఎక్కడ పడ్డాయన్నది లెక్కలోకి రాదు, దూరంగా పడ్డ రెండే మొత్తాన్నీ నిర్ణయిస్తాయి. ఇకమీదట ఒక్కో రకానికి 50 గుళ్ళు, పదేసి చొప్పున ఐదు కార్డులు. గుంపు నడిమి బిందువు నుంచి ప్రతి రంధ్రం ఎంత దూరమో కొలిచి సగటు తీయాలి. ఒకదాని మీద ఒకటి పడితే రంధ్రాలు కలిసిపోతాయి కాబట్టి ప్రతి గుండు తర్వాత అమ్మాయి గొట్టంలో పెల్లెట్ లేదని చూపించి, వెళ్ళి ఫొటో తీస్తుంది. కాల్చిన కార్డులను జిరాక్స్ దుకాణంలో 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయిస్తాం. అప్పుడు ఒక మిల్లీమీటరుకు 23 చుక్కలు పైగా వస్తాయి.

జూన్ 28, 29, శని, ఆదివారాలు

రెండు రోజులు తెల్లవారి ఐదున్నరకే మొదలుపెట్టాం. తొమ్మిది దాటితే రేకుల కింద నిలబడలేం. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి పది గుళ్ళు లెక్కలోకి తీసుకోలేదు, పాత సీసం పూత పోయి కొత్తది పట్టాలి. వరుస కూడా ఒకసారి పచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, మరోసారి తలకిందులు. రైఫిల్ గాలి సీసాను 200 బార్ల ఒత్తిడికి నింపి 100కు రాగానే మళ్ళీ నింపాం. చేతిపంపుతో నింపడం బావగారి వంతు, చొక్కా పిండితే నీళ్ళు కారాయి. సీసా 75 బార్ల కిందికి దిగితే వేగం జారడం మొదలవుతుందని ముందే చూసుకున్నాం.

అంకెలు ఇవి. వేగంలో ఎర్రది అందరికన్నా నిలకడ, 50 గుళ్ళలో అతి ఎక్కువకూ అతి తక్కువకూ తేడా 3.1 మీటర్లే. తెల్లదానికి 4.6, నీలానికి 5.2, పచ్చకు 13.

గురిలో వరుస మారిపోయింది. నడిమి బిందువు నుంచి సగటు దూరం నీలానికి 0.8 మి.మీ., తెల్లదానికి 0.9, ఎర్రదానికి 1.1, పచ్చకు 1.9.

ఎర్ర డబ్బా అంత నిలకడగా పోయి మూడో స్థానంలో ఎందుకుంది? కాగితం మీద లెక్క వేశాను. 60.6 మిల్లీసెకన్లలో పెల్లెట్ భూమి వైపు 18 మి.మీ. జారుతుంది. వేగం నూటికి ఒకటి తగ్గితే ఆ జారుడు నూటికి రెండు పెరుగుతుంది, అంటే 0.36 మి.మీ. నీలం డబ్బాలో అతి వేగమైన గుండుకూ అతి నెమ్మదైనదానికీ కలిసి ఒక మిల్లీమీటరు, అదీ నిలువునా మాత్రమే. కార్డుల మీద చెదురు అడ్డంగా కూడా అంతే ఉంది. అడ్డం చెదురును వేగం తేలేదు. మా గొట్టం 4.49 తలను పట్టుకున్నంత బాగా 4.50ని పట్టుకోవడం లేదని నేను అనుకుంటున్నాను. ఇంకో గొట్టానికి ఇది తిరగబడవచ్చు. క్రోనోగ్రాఫ్ అంకె చూసి పెల్లెట్లు కొనేవారు కార్డు కూడా చూడాలి. ఇంత కష్టపడి పైపు తయారుచేసిన నేనే ఈ మాట అంటున్నాను.

పచ్చ డబ్బాను తూచి ఒకే బరువువి ఏరి కాల్చితే ఏమవుతుందో కూడా చూశాం. 1.9 నుంచి 1.7కు తగ్గింది, అంతే. మూడు గంటల తూకానికి దక్కింది అది.

జూలై 3, గురువారం

బంగారు దుకాణం పెద్దాయన మాట మనసులోంచి పోలేదు. 500 పెల్లెట్ల నీలం డబ్బాలో మిగిలినవన్నీ తెల్ల గుడ్డ మీద పోసి భూతద్దంతో చూశాం. 14 పావడాలు నొక్కుకుపోయి ఉన్నాయి. పార్శిలులో చెన్నై నుంచి వచ్చిన డబ్బా, దారిలో ఎన్ని చోట్ల విసిరారో. మంచివాటిలో ఒకదాన్ని వేలికొన మీద నిలబెట్టి దీపం ముందు తిప్పితే అంచు సన్నటి వెలుగు గీతలా గుండ్రంగా తిరుగుతుంది. సొట్టదాన్ని తిప్పితే ఆ గీత ఒకచోట తెగుతుంది. రెండు మూడు చూశాక భూతద్దం లేకుండానే పట్టేయవచ్చు.

ఆ 14లో పది వైస్‌లో పెట్టి కాల్చాం. గుంపు 6.2 మి.మీ. పరిచింది. మంచివి పదేసి గుళ్ళ గుంపు సగటున 2.4 వేసేవి.

జూలై 6, ఆదివారం

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు జవాబు. 8.6 అంటే నడుమ నుంచి 6 మి.మీ. దూరం. వైస్‌లో కాల్చిన 50 మంచి నీలం పెల్లెట్లలో ఒక్కటి కూడా 2 మి.మీ. దాటలేదు. సొట్ట పెల్లెట్ అయినా ఒంటరిగా అంత దూరం పోలేదు. "అయితే అది నాదే మామయ్యా" అంది. ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను గానీ నోటుపుస్తకం తెరిచి ఆ రోజు గుండు వదిలిన క్షణం ఎలా ఉందో రాసుకోవడం మొదలుపెట్టింది.

అయితే పెల్లెట్ తేడాకు విలువ లేదని కాదు. చేతి చెదురు సగటున 3 మి.మీ. అనుకుందాం. ఎర్ర డబ్బాతో అది 3.2 అవుతుంది, నీలంతో 3.1. పదో వంతు మిల్లీమీటరు కంటికి ఆనదు, కానీ 60 గుళ్ళ మీద రెండు పాయింట్ల పైచిలుకు. ఫైనల్‌కు చేరే ఎనిమిది మందిలో ఉండటానికీ తొమ్మిదోవారిగా మిగలడానికీ ఆ రెండు చాలు. చేయి కుదిరి చెదురు 1.5కు దిగితే అదే పెల్లెట్ తేడా నాలుగు పాయింట్లకు దగ్గరవుతుంది. సాధన పెరిగే కొద్దీ డబ్బా ఎంపిక బరువెక్కుతుంది.

మా నీలం డబ్బా అడుగున ఉన్న తయారీ బ్యాచ్ నంబరు చెప్పి దుకాణానికి ఫోను చేశాను. అదే కంపెనీ, అదే కొలత అయినా బ్యాచ్ మారితే అచ్చు మారవచ్చు, ఈ పరీక్షంతా మళ్ళీ చేయాలి. ఆ నంబరువి రెండే మిగిలాయట. పార్శిలు వద్దన్నాను. వచ్చే శనివారం బావగారు రైల్లో వెళ్ళి, దూది పరిచిన స్టీలు డబ్బాలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని తెస్తారు. వెయ్యి పెల్లెట్లు, సొట్టవి ఏరేశాక పది పోటీలకు సరిపోవచ్చు. ఆదివారం పొద్దున ఐదున్నరకు షెడ్డు తలుపు తీస్తాం, ఈసారి రైఫిల్ వైస్‌లో కాదు, అమ్మాయి చేతిలో.